హ్యాండ్‌సమ్ అన్న పదం ఎవరిది? మగవారి క్రీము వెనుక ఇరవై ఏళ్ళ కథ

2024 డిసెంబరులో ఢిల్లీలోని ఒక జిల్లా వినియోగదారుల కమిషన్ ఎమామీ కంపెనీకి వ్యతిరేకంగా ఇచ్చిన ఉత్తర్వుతో ఒక పాత ప్రశ్న మళ్ళీ చర్చకు వచ్చింది. మగవారికి ప్రత్యేకమని అమ్మే క్రీములు, సబ్బులు, షాంపూలు నిజంగానే వేరా, లేక ఆ తేడా డబ్బా మీది అక్షరాలతోనే ఆగిపోతుందా అన్నది ఆ ప్రశ్న. కేసు 79 రూపాయల ట్యూబు మీద నడిచింది. 2013లో ఎమామీ వారి ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ క్రీము కొన్న ఒక వినియోగదారుడు, దాని మీద రాసినట్టే వాడినా తన మేనిఛాయ మారలేదని ఫిర్యాదు చేశారు. 2015లో జిల్లా ఫోరమ్ (ఇప్పటి జిల్లా కమిషన్) ఆయన పక్షాన తీర్పు చెప్పింది. 2017లో ఢిల్లీ రాష్ట్ర కమిషన్ దాన్ని పక్కనపెట్టి కేసును తిరిగి విచారించమంది. చివరికి ట్యూబు కొన్న పదకొండేళ్ళకు, ఇది అనుచిత వ్యాపార పద్ధతేనని తేల్చిన జిల్లా కమిషన్ 14.5 లక్షల రూపాయలు వినియోగదారుల సంక్షేమ నిధికీ, 50 వేలు ఫిర్యాదికీ చెల్లించాలని ఆదేశించింది.

ఫెయిర్‌నెస్ క్రీముల చరిత్ర ఎవరు రాసినా 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీతో మొదలుపెడతారు. ఆ కథ పాఠకులకు కొత్త కాదు కనుక ఇక్కడ వదిలేస్తున్నాను. నేటి తగాదా వేళ్ళు అంతకు ముప్పై ఏళ్ళ తర్వాత, 2005లో ఉన్నాయి. కోల్‌కతాకు చెందిన ఎమామీ మగవారి కోసమే అంటూ ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్‌ను విడుదల చేసింది ఆ ఏడాదే. కంపెనీకి ఆ ఆలోచన రావడానికి కారణం అప్పటికే బజారులో అందరికీ తెలిసిన ఒక సంగతి: ఆడవారి పేరుతో అమ్ముడయ్యే క్రీమును వాడుతున్న మగవారు తక్కువేమీ లేరు.

ఆ సంగతి నాకు అంకెల్లో చూడకముందే తెలుసు. తొంభైల్లో గుంటూరులో నేను చదువుకున్న హాస్టల్లో, మా గదిలోని ఒక మిత్రుడు తన రేకుపెట్టెలో, మడతపెట్టిన లుంగీ మధ్యన, ఆ గులాబీ రంగు ట్యూబును దాచుకునేవాడు. రాత్రి లైటు ఆర్పాక వేలికొసకు కాస్త తీసుకుని ముఖానికి రాసుకునేవాడు. మూత బిగించే చిన్న చప్పుడు చీకట్లో మా అందరికీ వినిపించేది, ఎవరమూ ఏమీ అనేవాళ్ళం కాదు. ట్యూబు అయిపోవస్తే తోక వైపు కత్తెరతో కోసి, గోడలకు అంటుకున్నది కూడా వేలితో తీసేవాడు. షాపులో మాత్రం చెల్లెలికని చెప్పి కొనేవాడు. ఆ క్రీము తన చర్మానికి పడటం లేదని అతను ఏనాడూ అనలేదు. అతని ఇబ్బందంతా దాన్ని నోరు తెరిచి అడగడం దగ్గరే ఉండేది.

2005 తర్వాత వచ్చిన ప్రకటనలు సరిగ్గా ఆ ఇబ్బంది మీదే వేలు పెట్టాయి. అబ్బాయి దొంగచాటుగా అమ్మాయిల క్రీము రాసుకోవడం, దొరికిపోవడం, మగవాడివై ఉండి ఆడవాళ్ళ క్రీమేమిటని నిలదీయడం, ఆ తర్వాత మగవారి ట్యూబు చేతికి రావడం వాటి వరస. 2007లో షారుఖ్ ఖాన్ ప్రచారకర్తగా చేరాక ఆ సందేశం దేశమంతా వెళ్ళింది. మగవారి చర్మం గరుకు, అందుకే వేరే క్రీము కావాలన్న మాట ఆ ప్రకటనల్లో లేకపోలేదు. కానీ చూసేవారికి ముందుగా తగిలేది సిగ్గు, ఆ తర్వాతే చర్మం. నా ఉద్దేశంలో ఈ వివాదం మొత్తానికీ తాళంచెవి అక్కడుంది. అప్పటిదాకా ఆ సిగ్గు చాటుమాటుగానే ఉండేది, ఒకే ట్యూబును అన్నాచెల్లెళ్ళు పంచుకుంటే తప్పని ఎవరూ నిలదీయలేదు. ఆ ప్రకటనలు వచ్చాక అది తప్పైంది.

ఫెయిర్ అండ్ లవ్లీని అమ్మే హిందుస్థాన్ లీవర్ (2007 నుంచి హిందుస్థాన్ యూనిలీవర్) ఎలా స్పందించిందో చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. మూడు దశాబ్దాల పాటు మగవారికంటూ వేరే క్రీము తేని ఆ కంపెనీ, ఎమామీ ట్యూబు వచ్చిన మరుసటి ఏడాదే, 2006లో, ఫెయిర్ అండ్ లవ్లీ మెన్జ్ యాక్టివ్‌ను దించింది. మగవారి చర్మం ఆ ఒక్క ఏడాదిలో మారిపోలేదు, పక్క కంపెనీ కొత్త అర తెరిచింది. తర్వాతి సంవత్సరాల్లో గార్నియర్, నివియా, వ్యాజలీన్ ఒక్కొక్కటిగా అదే అరలోకి వచ్చి చేరాయి.

కంపెనీల వాదనలో నిజం లేదని కాదు. మగ హార్మోన్ల ప్రభావం వల్ల మగవారి చర్మం సగటున మందంగా ఉంటుంది, నూనె ఎక్కువ ఊరుతుంది, గడ్డం వల్ల వెంట్రుకల కుదుళ్ళు దళసరిగా ఉంటాయి, రోజూ గీసుకునేవారికి చర్మం రాపిడికి గురవుతుంది. ఇవి చర్మవైద్యులు అంగీకరించే సంగతులే. అయితే ఇవన్నీ సగటు లెక్కలు. జిడ్డు ముఖంతో వేగే ఆడవారు, చలికాలం చర్మం తెల్లగా పొట్టురేగే మగవారు ఏ ఇంట్లోనైనా కనిపిస్తారు. అందుకే వైద్యుని దగ్గరకు వెళితే ముందు చూసేది చర్మం జిడ్డుదా, పొడిదా, తేలిగ్గా కందిపోయేదా అని. పైగా చర్మం మందమనే తేడా ఎక్కువగా లోపలి పొరలది, క్రీము ముందుగా దాటవలసిన పైపొరది కాదు.

ఇక క్రీములో పనిచేసే పదార్థం సంగతి. ఫెయిర్ అండ్ లవ్లీకి ఆధారమైన నియాసినమైడ్ బి3 విటమిన్‌కు ఒక రూపం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ రేణువులు, తాము తయారైన కణాల నుంచి పైనున్న కణాల్లోకి చేరడాన్ని అది కొంత తగ్గిస్తుంది. ఆ రేణువులు చేరే తీరు ఆడవారిలో ఒకలా, మగవారిలో మరొకలా ఉండదు. ఎమామీ తన క్రీములో ప్రత్యేకమైన పెప్టైడ్ల (ప్రొటీన్ల చిన్న ముక్కల వంటివి) మిశ్రమం ఉందని ప్రచారం చేసుకుంది. కావచ్చు. ఆ మిశ్రమం ఆడవారి చర్మం మీద పనిచేయదని మాత్రం నమ్మడానికి కారణం కనిపించదు.

తేడా నిజంగా ఉన్నచోట అది ఎలా ఉంటుందో చూడాలంటే జుట్టు రాలడానికి వాడే మినాక్సిడిల్‌ను తీసుకోవచ్చు. అమెరికాలో 5 శాతం నురగ మందును మగవారు రోజుకు రెండుసార్లు, ఆడవారు ఒక్కసారి వాడాలని చెబుతారు. డబ్బాలో మందు గాఢత ఒకటే, మోతాదు వేరు. ఆ వేరు పరీక్షల్లో తేలి, అనుమతి పొంది, చీటీ మీద అచ్చయింది. మగవారి క్రీము అన్న మాటకు అలాంటి పరీక్ష ఏదీ అవసరం లేదు. 1940 నాటి ఔషధ, సౌందర్య సామగ్రి చట్టం ఇచ్చిన నిర్వచనంలో మానవ శరీరానికి పూసేది, చల్లేది, రుద్దేది అన్న మాటలున్నాయి తప్ప ఆడ, మగ అన్న విభజన లేదు.

మన ఇళ్ళలోనూ ఆ విభజన ఉండేది కాదు. పెళ్ళికి ముందు పెళ్ళికూతురికి పెట్టే నలుగే పెళ్ళికొడుక్కీ పెడతారు. సంక్రాంతికి పిల్లలందరికీ ఒకే గిన్నెలోని సున్నిపిండి, ఒకే కుంకుడుకాయల పులుసు. మగపిల్లవాడి తలకు వేరే కుంకుడుకాయలు కొట్టిన అమ్మమ్మను నేను చూడలేదు.

సిగ్గును ముందు పుట్టించి సరుకును తర్వాత అమ్మడం మన దేశంలో పుట్టిన పద్ధతి కాదు. 1915లో జిల్లెట్ ఆడవారికంటూ మొదటి రేజరు, మిలేడీ డెకొలెటే, తెచ్చింది. అప్పటికే మగవారు వాడుతున్న సేఫ్టీ రేజరునే చిన్నదిగా చేసి బంగారు పూత వేశారు. దాన్ని అమ్మాలంటే చంకలో వెంట్రుకలు ఉండటం ఆడవారికి అవమానమని ముందుగా నమ్మించాలి, అప్పటి ప్రకటనలు ఆ పని చేశాయి. ఇక్కడ 2005లో మగవారి విషయంలో జరిగింది దానికి అద్దంలో ప్రతిబింబం లాంటిది.

ధరల మాట వస్తే అమెరికా అధ్యయనాలు రెండింటిని ప్రస్తావించకుండా ముందుకు వెళ్ళలేము. 2015లో న్యూయార్క్ నగర వినియోగదారుల శాఖ దాదాపు 800 వస్తువులను పోల్చి, వ్యక్తిగత సంరక్షణ సామగ్రిలో ఆడవారి వస్తువులు సగటున 13 శాతం ఎక్కువ ధర పలుకుతున్నాయని చెప్పింది. తర్వాత ఆర్థికవేత్తలు చేసిన ఒక పరిశోధన దాన్ని సవరించింది: దగ్గరి పదార్థాలున్న వస్తువులనే పక్కపక్కన పెడితే ధరలో తేడా స్వల్పమే, కొన్ని రకాల్లో ఆడవారిదే చవక. కంపెనీలకు ఈ రెండో మాట అనుకూలమే. కానీ అదే పరిశోధన, అమ్ముడయ్యే వ్యక్తిగత సంరక్షణ వస్తువుల్లో 80 శాతానికి పైగా ఆడ లేదా మగ ముద్రతో ఉన్నాయనీ, ఒకే రకం వస్తువులోనూ రెండింటి తయారీ పదార్థాలు చాలావరకు కలవవనీ చెప్పింది. అంటే పోల్చి చూసుకునే వీలు కొనేవారికి దొరకడమే అరుదు. సీసాలో తేడా ఉన్నమాట నిజమే, కానీ ఆ తేడా కావాలని అడిగింది చర్మమేనా అన్నది తేలవలసిన సంగతి.

మళ్ళీ మన దగ్గరకు వస్తే, ఆ 79 రూపాయల ట్యూబు కొన్న 2013వ సంవత్సరానికి మరో ప్రాముఖ్యం ఉంది. చెన్నైలోని విమెన్ ఆఫ్ వర్త్ సంస్థ 2009లో మొదలుపెట్టిన డార్క్ ఈజ్ బ్యూటిఫుల్ ఉద్యమం ఆ ఏడాదే నటి నందితా దాస్ అండతో ఊపందుకుంది. షారుఖ్ ఖాన్ ఒక అభిమానికి ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ ట్యూబు విసిరే ప్రకటనను ఉపసంహరించాలని వారు సంతకాలు సేకరించారు. అప్పటిదాకా ఆడపిల్లల బాధగానే మాట్లాడుకున్న రంగు వివక్ష, మగపిల్లలనూ పట్టిందన్న సంగతి బహిరంగంగా చర్చకు రావడంలో ఆ ఉద్యమం పాత్ర పెద్దది. తర్వాత 2019లో, తెలుగు ప్రేక్షకులకు ఇంటి మనిషిలాంటి సాయిపల్లవి, ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనను వద్దనుకున్నానని చెప్పినప్పుడు మన ఊళ్ళలోని చామనఛాయ అమ్మాయిలు ఎంత పొంగిపోయారో నాకు గుర్తుంది.

2020 మే నెలలో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ మరణం తర్వాత లేచిన నిరసనల గాలి ఇక్కడికీ తాకింది. జూన్ 25న హిందుస్థాన్ యూనిలీవర్ ఫెయిర్ అన్న పదాన్ని తీసేస్తామని ప్రకటించి, వారం తిరిగేసరికి గ్లో అండ్ లవ్లీ, గ్లో అండ్ హ్యాండ్‌సమ్ అన్న పేర్లు బయటపెట్టింది. గ్లో అండ్ హ్యాండ్‌సమ్ తమదేనని ఎమామీ అడ్డుపడింది. తాము 2018లోనే ఆ పేరుకు దరఖాస్తు చేసుకున్నామని యూనిలీవర్ అంది. బొంబాయి హైకోర్టులో మొదలైన తగువు కలకత్తా హైకోర్టుకు చేరింది. హ్యాండ్‌సమ్ అన్న పదంతో ఎమామీ సంపాదించుకున్న గుర్తింపును యూనిలీవర్ వాడుకుంటున్నట్టే అవుతుందన్న అభిప్రాయంతో, 2024 ఏప్రిల్‌లో కోర్టు ఆ పేరు వాడకుండా నిలువరించింది. దేశంలోని రెండు పెద్ద కంపెనీలు నాలుగేళ్ళు పోరాడింది ట్యూబులోని పదార్థం మీద కాదు. మగవారిది అని చెప్పే ఆ ఒక్క పదం మీద.

అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ కమిషన్ ముందు ఎమామీ చెప్పుకున్న సమాధానం ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువగా ఆపిన భాగం. ఫలితం కనిపించాలంటే క్రీము ఒక్కటే చాలదనీ, సరైన వాడకం, పౌష్టికాహారం, వ్యాయామం, మంచి అలవాట్లు, పరిశుభ్రమైన పరిసరాలు కూడా కావాలనీ కంపెనీ వాదించింది. పైగా ఇది 16 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉన్న మామూలు ఆరోగ్యవంతులైన యువకులకే తప్ప అనారోగ్యంతో ఉన్నవారికి కాదంది. ఈ షరతులేవీ ట్యూబు మీదా, పెట్టె మీదా లేవని కమిషన్ ఎత్తిచూపింది. ముఖం, మెడ కడుక్కుని రోజుకు రెండుసార్లు రాసుకోమన్నదే వినియోగదారునికి కనిపించిన మాట. ఇరవై ఏళ్ళ పాటు మగవారందరి చర్మం ఒక్కటే, ఆడవారందరి చర్మం మరొకటి అని తెరల మీద చెప్పిన కంపెనీ, లెక్క చెప్పవలసి వచ్చేసరికి వయసు, తిండి, ఆరోగ్యం, అలవాట్ల మాట ఎత్తింది. చర్మవైద్యులు మొదటి నుంచీ అడుగుతున్నదీ వాటి గురించే.

ఎమామీ ఇప్పుడు ఆ క్రీము పేరు మార్చి స్మార్ట్ అండ్ హ్యాండ్‌సమ్ అంటోంది. ఫెయిర్ పోయింది, హ్యాండ్‌సమ్ అలాగే ఉంది.