రన్‌వే కింద స్పిట్‌ఫైర్లు లేవు: పాత వైమానిక స్థావరాల మీద అపోహలు - వాస్తవాలు

రెండో ప్రపంచ యుద్ధం కోసం బ్రిటన్‌లో కట్టి, తర్వాత వదిలేసిన వైమానిక స్థావరాలను కొలిచి నమోదు చేయడం నా పని. ఎక్కడికి వెళ్లినా కాంక్రీటు కంటే ముందు కథలే ఎదురొస్తాయి.

అపోహ: నేల కింద సొరంగాలు, వాటిలో దాచిన విమానాలు ఉన్నాయి.

అందరికీ ప్రియమైన కథ ఇది. బర్మాలో స్పిట్‌ఫైర్లనే బ్రిటిష్ యుద్ధ విమానాలను పెట్టెల్లో పెట్టి పాతిపెట్టారని నమ్మి 2013లో రంగూన్ విమానాశ్రయం దగ్గర తవ్వారు. ఒక్కటీ దొరకలేదు. యుద్ధం ముగిశాక మిగులు విమానాలను వేల సంఖ్యలో ముక్కలు చేసి, అల్యూమినియం కోసం కరిగించారు. తుక్కుగా అమ్ముడయ్యేదాన్ని శ్రమపడి పాతిపెట్టడం ఎందుకు?

సొరంగాల కథకు మాత్రం కొంత ఆధారం ఉంది. పారాచూట్ దళాలు దిగితే స్థావరాన్ని కాచుకోవడానికి ‘బ్యాటిల్ హెడ్‌క్వార్టర్స్’ అనే కాంక్రీటు గదులను నేలలోపల కట్టేవారు. పరిశీలన గూడు ఒక్కటే పైకి కనిపించేది. 1940లో వచ్చిన ‘పికెట్-హామిల్టన్’ కోట ఇంకా చిత్రమైనది: మామూలుగా నేలమట్టానికి అణిగి ఉండే కాంక్రీటు గొట్టం, అవసరమైనప్పుడు గాలి ఒత్తిడితో పైకి లేస్తుంది, లోపలి సైనికులు కాల్పులు జరుపుతారు. గడ్డిలో గుండ్రటి మూతను చూసిన కుర్రవాడు సొరంగమనుకుంటే తప్పు పట్టలేను. కానీ వాటిలోకి దిగకండి. చాలావాటిలో నీళ్లు నిండి ఉంటాయి.

అపోహ: మూడు రన్‌వేలు ఉన్నది మూడు విమానాలు ఒకేసారి ఎగరడానికి.

ఒకదాన్నొకటి కోసుకునే దారుల మీద అలా పరుగెత్తితే ఏమవుతుందో ఊహించండి. అసలు కారణం గాలి. విమానం ఎదురుగాలికి ఎగరాలి, దిగాలి. గాలి మళ్లితే రన్‌వే మారాలి. 1942 నాటి ‘క్లాస్ ఎ’ ప్రమాణం ప్రకారం ప్రధాన రన్‌వే 2,000 గజాలు, మిగతా రెండూ 1,400 గజాల చొప్పున, వెడల్పు 50 గజాలు, వాటి మధ్య కోణం సుమారు 60 డిగ్రీలు.

అపోహ: ఇక్కడి నుంచి వెళ్లి చనిపోయినవారంతా శత్రు భూభాగం మీదే చనిపోయారు.

నన్ను ఎక్కువగా బాధించే అపోహ ఇది. బాంబర్ విమానాలను నడిపిన బ్రిటిష్ వైమానిక దళ విభాగం ‘బాంబర్ కమాండ్‌’లో 55,573 మంది మరణించారు. వారిలో 8,000 మందికి పైగా శిక్షణలో, యుద్ధేతర ప్రమాదాల్లో పోయినవారే. శిక్షణకు తరచూ ముందు వరుస దళాలు వాడి అరగదీసిన విమానాలు వచ్చేవి, వాటి మీద రాత్రి ప్రయాణాలు, పైగా బ్రిటన్ మబ్బులు. ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ పేరు వినగానే అందరికీ కార్ల పందేలు గుర్తొస్తాయి. మొదటి ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ పందెం 1950 మే 13న అక్కడే జరిగింది. అయితే 1943లో తెరిచినప్పుడు అది వెల్లింగ్టన్ బాంబర్ల సిబ్బందికి శిక్షణ స్థావరం.

అపోహ: రాత్రిపూట వరుసగా దీపాలు వెలిగాయంటే అక్కడ స్థావరం ఉన్నట్లే.

పెద్దలు చెప్పిన చోట ఎంత వెతికినా రన్‌వే దొరకదు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, దీపాలు నిజమే, స్థావరమే లేదు. జర్మన్ బాంబర్లను మోసగించడానికి పొలాల్లో దీపాల వరుసలు పెట్టిన ఉత్తుత్తి స్థావరాలవి. వాటిని ‘క్యూ సైట్లు’ అనేవారు. పగటి మోసానికి ‘కె సైట్లు’ ఉండేవి, వాటిలో నిలిపిన బొమ్మ విమానాలలో కొన్ని షెపర్టన్ సినిమా స్టూడియోలో తయారయ్యాయి. ఈ మొత్తం వ్యవహారాన్ని నడిపినది కల్నల్ జాన్ టర్నర్.

అపోహ: యుద్ధం అయిపోగానే అన్నిటినీ గాలికి వదిలేశారు.

చాలా భూములు తిరిగి రైతుల చేతికి వచ్చాయి. జెట్ బాంబర్లకు 2,000 గజాలు చాలవు, కాబట్టి సైన్యానికీ వాటితో పని తగ్గింది. హ్యాంగర్లు ధాన్యపు గిడ్డంగులయ్యాయి, కొన్నిచోట్ల కాంక్రీటును పిండిచేసి రోడ్ల అడుగున వేశారు. నార్ఫోక్‌లోని ఆటిల్‌బ్రిడ్జ్‌లో రన్‌వేల మీదే టర్కీ కోళ్ల షెడ్లు కట్టారు. పైనుంచి తీసిన ఫొటోల్లో ఆ షెడ్ల వరుసలే రన్‌వే ఎటు సాగిందో చూపిస్తాయి.