పంట పోయిన ఏడు, అన్నాలయ్యాక ఐదు నిమిషాలు

అనంతపురం జిల్లాలో శెనక్కాయ పంట పోవడానికి తుఫాను రానక్కర్లేదు. ఊడలు దిగే వేళ మూడు వారాలు వాన మొహం చాటేస్తే చాలు. ఆ తర్వాత ఇంట్లో మూడే మాటలు: బ్యాంకు అప్పు, ఎండిన బోరు, బెంగళూరు వలస. అలాంటి ఇంటికి పోయి రోజూ మంచిని తలుచుకోండని చెబితే ఎగతాళి చేసినట్టే ఉంటుంది. అయినా జరిగిన మంచిని తలుచుకుని కృతజ్ఞత చెప్పుకునే ఈ అలవాటును శాస్త్రవేత్తలు ఇరవై ఏళ్లకు పైగా పరీక్షిస్తున్నారు. అందులో పనికొచ్చేది కొంత ఉంది, ప్రచారంలో చెప్పేంత మాత్రం లేదు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో 2003లో అచ్చువేసిన ప్రయోగం అందరికీ తెలిసినది. విద్యార్థులను మూడు గుంపులు చేసి, వారానికోసారి పది వారాలు రాయమన్నారు. ఒక గుంపు కృతజ్ఞత కలిగించినవి, ఒకటి చిరాకు పెట్టినవి, ఇంకొకటి ఊరికే జరిగిన సంగతులు రాసింది. మొదటి గుంపు తమ బతుకు మీద ఎక్కువ తృప్తి చూపింది. కష్టాల్లో ఉన్నవాళ్లకు ఇంకా దగ్గరగా వచ్చేది అదే వ్యాసంలోని మరో ప్రయోగం: నరాలు, కండరాల జబ్బున్న పెద్దలు 21 రోజులు రోజూ రాశారు, వాళ్ల మనసూ కొంత తేలికపడింది. అయితే 2020 నాటికి ఇలాంటి ప్రయోగాలను కలిపి లెక్కగట్టినప్పుడు, కుంగుబాటు, ఆందోళనల మీద వీటి ప్రభావం చిన్నదేనని తేలింది. కాబట్టి దీన్ని మందు అనుకోవద్దు.

ఇది పనికొచ్చినప్పుడు ఎందుకు పనికొస్తుందంటే, మన మనసు చెడును మంచికన్నా బలంగా పట్టుకుంటుంది. ముప్పును ముందు చూసినవాడే బతికాడు కాబట్టి అదేమీ లోపం కాదు. కానీ అప్పుల ఏడాదిలో ఆ చూపు రోజంతా ఒకే చోట నిలిచిపోతుంది. దాన్ని కాసేపు పక్కకు తిప్పడానికే ఈ అభ్యాసం.

అన్నాలయ్యాక ఇంట్లో తలా ఎన్ని మంచి విషయాలు చెప్పాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, చాలా ఇళ్లలో ఇక్కడే చెడుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త నోర్బర్ట్ ష్వార్జ్ బృందం 1991లో కొందరిని తాము గట్టిగా నిలబడి మాట్లాడిన సందర్భాలు ఆరు చెప్పమంది, ఇంకొందరిని పన్నెండు. పన్నెండు వెతకలేక తంటాలు పడినవాళ్లు, తమకు అంత గట్టితనం లేదనే తేల్చుకున్నారు. పంట పోయిన ఇంట్లో పది మంచి విషయాలు అడిగితే ఇదే జరుగుతుంది: వెతికి వెతికి, మంచేమీ లేదన్న నిర్ణయానికి వస్తారు. మనిషికి ఒకటి చాలు.

సంగటి తిన్నాక టీవీ ఆపి, ఫోన్లు బోర్లించండి. ముందు తలా ఒక మాట, ఆ రోజు బరువుగా అనిపించినది చెప్పాలి. ఎవరూ సమాధానం ఇవ్వకూడదు, ఓదార్చకూడదు. వడ్డీ లెక్కలకు పగలు వేరే సమయం పెట్టుకోండి. ఈ మొదటి మెట్టు వదిలేస్తే మిగతాదంతా నటన అవుతుంది.

తర్వాత ఒక్కొక్కరు ఇంట్లోని ఒకరి వైపు తిరిగి, వాళ్లు చేసిన పని, దానివల్ల తనకు జరిగిన మేలు చెప్పాలి. ‘అమ్మ మంచిది’ అంటే లెక్కలోకి రాదు. ‘మా, పొద్దున ట్యాంకరు కాడ నాలుగు బిందెలూ నువ్వే మోసినావు, దానివల్లనే నాకు బస్సు అందింది’ అనాలి. మొహం మీద థ్యాంక్స్ చెప్పడం మన ఇళ్లలో ఎబ్బెట్టు. జరిగింది జరిగినట్టు చెబితే ఆ ఇబ్బంది ఉండదు. మనస్తత్వ శాస్త్రవేత్త సారా ఆల్గో బృందం 2010లో జంటలు రాసిన రోజువారీ డైరీలను పరిశీలించింది. ఒకరి చిన్న పనికి రెండోవారిలో కృతజ్ఞత కలిగితే, మర్నాడు ఇద్దరికీ బంధం మెరుగ్గా తోచింది. దేవుడికి మొక్కుకోవడం మంచిదే, అది వేరుగా పెట్టుకోండి.

రోజూ చేసి తీరాలన్న పంతం వద్దు. వారానికి మూడుసార్లు రాసినవాళ్లకన్నా ఒక్కసారి రాసినవాళ్లకే మేలు కనిపించిన ప్రయోగమూ ఉంది. మొదటి వారం రోజూ చేసి, మాటలు పాతబడుతున్నాయనిపిస్తే వారానికి రెండు రాత్రులకు తగ్గించండి. పిల్లలు ఈ రోజు వద్దంటే వదిలేయండి. ‘మనకన్నా అధ్వానంగా ఉన్నోళ్లు లేరా’ అనే పోలిక మాత్రం రానివ్వొద్దు, అది నోరు మూయించడమే. రోజూ అమ్మ బిందెలకే మెచ్చుకోలు వస్తుంటే, చెప్పడం ఆపి రెండు బిందెలు మీరు మోయండి. అప్పిచ్చిన బంధువును తలుచుకున్నప్పుడు కలిగేది చాలాసార్లు బాకీ బరువే. దాన్ని మొదటి మెట్టులో చెప్పుకోవడం మేలు.

ఎవరైనా వారాల తరబడి నిద్రపోకపోయినా, తిండి మానేసినా, చచ్చిపోతానన్నా ఈ ఐదు నిమిషాలు సరిపోవు. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేసి, మనిషిని ఒంటరిగా వదలకుండా 14416కు ఫోన్ చేయండి. అది మానసిక కష్టంలో ఉన్నవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ లైను. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

నాయన బెంగళూరులో కట్టడం పనిలో ఉంటే వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపండి, షిఫ్టు దిగాక వింటాడు. ఆయనా అలాగే పంపాలి, ముందు బరువు మాట, తర్వాత మేలు మాట. డబ్బు పంపినందుకే కాకుండా ఇంకేదైనా చెప్పండి: నాగలి ఎట్లా బిగించాలో ఫోన్లో చెప్పినాడనో, జేజి మాత్రలు గుర్తు చేసినాడనో.