చెయ్యి వాస్తే మెడ దగ్గర మొదలెడతారెందుకు?

చిత్తూరు నుంచి ఒకమ్మాయి అడిగింది: "మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక కుడి చెయ్యి వాచింది, గాజులు ఎక్కడం లేదు. లింఫెడిమా అన్నారు. థెరపిస్ట్ చేతిని వదిలేసి ముందు మెడ దగ్గర నిమురుతున్నారు. ఇదేం వైద్యం?"

సరైన వైద్యమే. తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో గంటలకొద్దీ కూర్చున్న వాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

సన్నటి రక్తనాళాల నుంచి కండలోకి నీరు ఊరుతూనే ఉంటుంది. ఆ నీటిని, దాంతోపాటు బయటపడిన ప్రోటీన్లను రోజూ లీటర్ల కొద్దీ తిరిగి రక్తంలోకి చేర్చేవి లింఫ్ నాళాలు. వాటిలో పారే ఆ నీరే లింఫ్, అది కదలక నిలిచిపోతే వచ్చే వాపే లింఫెడిమా. ఈ నాళాలకు గుండెలాంటి పంపు లేదు. నాళం పొడవునా చిన్న చిన్న గదులుంటాయి, గదికీ గదికీ మధ్య ఒకవైపే తెరుచుకునే కవాటం. గది ముడుచుకుంటే నీరు ముందు గదిలోకి పోతుంది, వెనక్కి రాదు. అచ్చం మన కంపార్ట్‌మెంట్లే! ముందు కంపార్ట్‌మెంట్ వదిలితేనే వెనకది కదులుతుంది. చివరి గేటు కాలర్ బోన్ వెనక, లింఫ్ పెద్ద సిరలో కలిసేచోట ఉంది. ముందు దారి ఇవ్వకుండా వెనక నుంచి తోస్తే ఏమవుతుంది? జనం నలిగిపోతారు, లైను మాత్రం కదలదు.

అందుకే మెడ మొదలు. ఆపరేషన్‌లో కుడి చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశారంటే ఆ లైను మూతపడినట్టే. కాబట్టి ఎడమ చంక, కుడి గజ్జల వైపు దారి చేస్తారు. ఆ తర్వాతే భుజం, మోచెయ్యి, చివరికి వేళ్లు. డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వోడర్, ఆయన భార్య ఎస్ట్రిడ్ 1930లలో రూపొందించిన పద్ధతి ఇది.

ఒత్తిడి కూడా చాలా తక్కువ. అరచేతిని ఆనించి చర్మాన్ని మాత్రమే కాస్త సాగదీసి వదులుతారు. చర్మం కిందే మొదలయ్యే లింఫ్ నాళికల గోడల్లో కణాలు పెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఉంటాయి. వాటిని సన్నటి తంతువులు చుట్టూ ఉన్న కండకు కట్టి ఉంచుతాయి. చర్మం సాగితే తంతువు లాగుతుంది, పెంకు లేస్తుంది, నీరు లోపలికి పోతుంది. నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

అయితే వాపు తగ్గించడంలో పెద్ద పని కట్టుదే. ఎక్కువగా సాగని బ్యాండేజ్‌ను పొరలుగా చుట్టి వ్యాయామం చేయిస్తారు. కండరం ఉబ్బినప్పుడల్లా కట్టు గోడలా నిలబడి నీటిని పైకి నెడుతుంది. మామూలు క్రేప్ బ్యాండేజ్ ఈ పనికి రాదు. నీళ్ల మాత్రలూ అంతే: నీరు పోయినా ప్రోటీన్ మిగులుతుంది, అది మళ్లీ నీటిని లాగుతుంది. ఏళ్లు గడిస్తే అక్కడ కండ గట్టిపడుతుంది, కొవ్వు చేరుతుంది. దోమకాటుతో వచ్చే బోదకాలులోనూ చెడేది ఈ నాళాలే.

ఇంకోమాట. దిష్టి అని వాచిన చేతికి బిగుతుగా తాడు, తాయెత్తు కట్టకండి. ఉన్న దారినీ అది మూసేస్తుంది. పసరు కట్లూ వద్దు, చర్మం పగిలితే ఇన్ఫెక్షన్ వస్తుంది. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే నిమరడం ఆపి ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

అమ్మగారి చేతిని వారానికోసారి టేపుతో కొలవండి. మణికట్టు దగ్గర, మోచేతికి 10 సెంటీమీటర్లు పైన, 10 సెంటీమీటర్లు కింద. రెండు చేతులూ కొలిచి, తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసి, థెరపిస్ట్ దగ్గరికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి.