నీటితో పుట్టి నీటిలో కలిసిపోయే రాయి: మైలుతుత్తంపై అపోహలు - వాస్తవాలు

ఖనిజ నమూనాలు భద్రపరచడం నా పని. అల్మారా తెరవగానే అందరి కళ్లూ ముందు చాల్కాంథైట్ మీదే పడతాయి. మనకు తెలిసిన మైలుతుత్తమే (కాపర్ సల్ఫేటు) అది, సహజంగా దొరికే రూపంలో. వెంటనే ప్రశ్నలు మొదలవుతాయి, వాటి వెనకే అపోహలూ.

అపోహ: ఇది ఫ్యాక్టరీ సరుకు, భూమిలో దొరకదు.

దొరుకుతుంది. చాల్కోపైరైట్ లాంటి రాగి, గంధకం కలిసిన ఖనిజాలకు గాలీ నీరూ తగిలితే మెల్లగా ఆక్సీకరణం చెందుతాయి. కొన్ని బ్యాక్టీరియా ఆ పనిని ఇంకా తొందరపెడతాయి. రాగి సల్ఫేటుగా మారి నీళ్లలోకి దిగుతుంది. ఆ చెమ్మ గని గోడల మీద ఆరిన చోట నీలం పెచ్చులు కడుతుంది, పైకప్పు నుంచి ఊడల్లా వేలాడుతుంది. వానలు పడే చోట నేల మీద నిలవదు, కరిగి కొట్టుకుపోతుంది. చిలీలోని అటకామా ఎడారిలో ఉన్న చుకికమాటా గని దీనికి పేరుమోసింది అందుకే. తూకంలో నాలుగో వంతు రాగే కాబట్టి, అలా పోగుపడిన చోట అది ముడిఖనిజం కిందే లెక్క.

అపోహ: రాగి ఉంది కాబట్టి నీలం.

సగమే నిజం. ఒక్కో కాపర్ సల్ఫేటుకు ఐదు నీటి అణువులుంటాయి. నాలుగు రాగి అయాన్‌ను చుట్టుకుంటాయి, ఐదోది సల్ఫేటును పట్టుకుని ఉంటుంది. చిన్న పలుకును పరీక్షనాళికలో వేసి వేడి చేస్తే నాళిక మూతి దగ్గర నీటి బొట్లు పడతాయి, అడుగున తెల్లపొడి మిగులుతుంది. రాగి ఎక్కడికీ పోలేదు, నీలమే పోయింది. చల్లారాక ఒక్క చుక్క నీరు వేయండి: నీలం తిరిగొస్తుంది, నాళిక చేతికి వెచ్చగా తగులుతుంది. నీరులేని రూపం ప్రకృతిలోనూ ఉంది, వెసూవియస్ అగ్నిపర్వతపు ఆవిరి రంధ్రాల దగ్గర.

అపోహ: దుమ్ము పడితే కడిగేయాలి.

పనిలో చేరిన కొత్తలో నేనూ అదే చేశాను. క్వార్ట్జ్, ఫ్లోరైట్‌లతో పాటు దీన్నీ కుళాయి కింద పెట్టాను. తొట్టిలో నీళ్లు లేత నీలంగా మారేసరికి నా గుండె జారిపోయింది. స్ఫటికం అంచులు వాడిన సబ్బుబిళ్లలా అరిగిపోయాయి. ఆ నమూనా ఇప్పటికీ ఉంచాను, కొత్తవాళ్లకు చూపించడానికి.

సరే, బాగా పొడిగా ఉంచుదామంటే అదీ కుదరదు. మరీ పొడిగాలిలో స్ఫటికంలోని నీరే వెళ్లిపోతుంది, తళుకు పోయి పైన పాలిపోయిన పొర కడుతుంది, ముట్టుకుంటే పొడి రాలుతుంది. మూత బిగుతుగా ఉన్న చిన్న డబ్బా, వేడి దీపాలకు దూరంగా. అంతే. దుమ్ముకు మెత్తటి పొడి కుంచె చాలు, అదీ తేలికగా. ఒకటి నుంచి పది వరకు ఉండే మోస్ కొలతలో దీని కాఠిన్యం 2.5, వేలిగోరుకు దగ్గరే.

అపోహ: పెద్ద, నిగనిగలాడే స్ఫటికమైతే అసలైనది.

నాకైతే అనుమానం అక్కడే మొదలవుతుంది. గనిలో ఎక్కువగా దొరికేవి పెచ్చులు, నారపోగులు, ఊడలు. కోసినట్టుండే పెద్ద స్ఫటికాలు చిక్కటి ద్రావణంలో కొద్ది రోజుల్లోనే పెరుగుతాయి. రెండింటి రసాయనం ఒకటే, కాబట్టి పరీక్షలు పెద్దగా తేల్చవు. నేను కింది రాయిని చూస్తాను: రాగి జాడే లేని రాయి మీద స్ఫటికం కూర్చుంటే నమ్మను. పెంచడం తప్పేం కాదు, గనిలోదని అమ్మడమే మోసం.

అపోహ: రాయి వేసిన నీళ్లు తాగితే మంచిది.

విషం. వాంతులతో మొదలై కాలేయం, మూత్రపిండాల దాకా పోతుంది. రుచి చూసి గుర్తుపట్టే పాత పద్ధతి దీనికి అసలే వద్దు.

అపోహ: నీలంగా ఉన్న రాగి ఖనిజాలన్నీ ఇదే.

కాదు. అజురైట్ అనేది రాగి కార్బొనేట్, నీళ్లలో కరగదు, ఆమ్లం చుక్క పడితే నురగలు కక్కుతుంది. లినరైట్‌లో సీసం ఉంటుంది.

అపోహ: దీని నీళ్లు ఇనుమును రాగిగా మారుస్తాయి.

రసవాదులు నిజంగానే నమ్మారు. వాళ్లను తప్పుపట్టలేం, చూస్తే అలాగే ఉంటుంది. జరిగేది మార్పిడి కాదు, చోటు మార్చుకోవడం: ఇనుము కరిగి నీళ్లలోకి పోతుంది, రాగి బయటికి వస్తుంది. చైనాలో సోంగ్ వంశ పాలనలో 11వ శతాబ్దానికే ఇలాంటి నీళ్లలో ఇనుము వేసి రాగి తీశారు. ఒక మేకు వేసి చూడండి. కాసేపటికే ఎర్రటి పూత పడుతుంది, గోటితో గీకితే కింద ఇనుమే కనిపిస్తుంది. రెండు రోజులు వదిలేస్తే నీలం పలచబడి నీళ్లు లేత ఆకుపచ్చకు తిరుగుతాయి.