షెల్‌లో స్టార్ గుర్తు, ఫైల్ పేర్లు: అపోహలు - వాస్తవాలు

సర్వర్ల దగ్గర స్క్రిప్టులు రాసుకుంటూ బతికేవాణ్ని, మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలు అడిగే డౌట్లలో సగం ఫైల్ పేర్ల దగ్గరే తిరుగుతాయి. షెల్ అంటే మనం టైప్ చేసిన కమాండ్లని చదివి నడిపించే ప్రోగ్రామ్, అందులో స్టార్ (*) అంటే 'ఏ అక్షరాలైనా, ఎన్నైనా సరే' అని. ఎవర్నీ తిట్టట్లేదు, అన్నీ నేను చేసొచ్చిన తప్పులే.

అపోహ: ఆర్‌ఎం *.లాగ్ (rm *.log, అంటే లాగ్ ఫైళ్లన్నీ డిలీట్ చేయమని) అని కొడితే ఆర్‌ఎం వెళ్లి లాగ్ ఫైళ్లన్నీ వెతుక్కుంటుంది.

వాస్తవం: అసలు ఆర్‌ఎంకి ఆ స్టార్ కనపడనే కనపడదు. మీరు ఎంటర్ కొట్టగానే షెల్లే ఫోల్డర్‌లోకి తొంగి చూసి, కలిసిన పేర్లన్నీ స్టార్ ఉన్న చోట పేర్చేసి, ఆ తర్వాతే ఆర్‌ఎంని పిలుస్తుంది. 1971 నాటి మొదటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ పనికి గ్లాబ్ అని విడిగా ఒక ప్రోగ్రామే ఉండేది, ఆ పేరు ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. డౌట్‌గా ఉంటే ఆర్‌ఎం బదులు ముందు ఎకో (echo, ఇచ్చిన పేర్లని తెరమీద చూపించే కమాండ్) పెట్టి కొట్టండి, ఏమేం పోతాయో కనిపిస్తాయి. ఫైళ్లు వెతికే ఫైండ్ (find) కమాండ్‌కి -నేమ్ (ఏ పేరు వెతకాలో చెప్పే ఆప్షన్) ఇచ్చేటప్పుడు స్టార్‌ని కోట్స్‌లో ఎందుకు పెట్టమంటారో కూడా ఇక్కడే అర్థమైపోతుంది, అక్కడ మ్యాచింగ్ ఫైండ్ చేసుకోవాలి, మధ్యలో షెల్ వేలు పెట్టకూడదు.

అపోహ: ఎల్‌ఎస్ (ls, ఫోల్డర్‌లోని పేర్లు చూపించే కమాండ్) ఇచ్చిన లిస్టు మీద లూప్ తిప్పితే (ఒక్కో పేరుకీ అదే పని చేయిస్తే) సరిపోతుంది.

వాస్తవం: నేనూ అదే అనుకుని మా అక్క పెళ్లి ఫొటోలకి బ్యాకప్ స్క్రిప్టు రాశా. "అక్క పెళ్లి 1" అనే ఫైలు స్పేసుల దగ్గర విరిగి మూడు ముక్కలై, అలాంటి ఫైళ్లు లేవని వరసగా ఎర్రర్లు వస్తుంటే నేను టీ తాగడానికి వెళ్లా, స్క్రిప్టులో చివరి లైనేమో ఒరిజినల్ ఫోల్డర్‌ని డిలీట్ చేయమని! బావ ఫోన్‌లో ఇంకో కాపీ ఉండబట్టి ఇంట్లోకి రానిచ్చారు. ఎల్‌ఎస్ వద్దు, లూప్‌లో నేరుగా * పెట్టండి, గ్లాబ్ ఇచ్చిన పేర్లని షెల్ మళ్లీ ముక్కలు చేయదు. లోపల వేరియబుల్ వాడిన ప్రతిచోటా డబుల్ కోట్స్ పెట్టండి. ఇంకోటి, లైనక్స్‌లో ఫైల్ పేరులో పనికిరానివి రెండే, స్లాష్, నల్ బైట్ (విలువ సున్నా అయిన బైట్). అంటే కొత్త లైన్ కూడా పేరులో ఉండొచ్చు! అందుకే పేర్లని కొత్త లైన్‌తో కాకుండా నల్ బైట్‌తో విడదీయడానికి ఫైండ్‌లో -ప్రింట్0, ఎక్సార్గ్స్‌కి (xargs, వచ్చిన పేర్లని ఇంకో కమాండ్‌కి అందించేది) -0 వాడతాం. ఇవి 2024 పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి) స్టాండర్డ్‌లోకి కూడా వచ్చేశాయి.

అపోహ: కోట్స్ పెట్టాం కదా, ఇంక సేఫ్.

వాస్తవం: కోట్స్ షెల్ వరకే, కమాండ్ చేతికి వెళ్లేసరికి అవి ఉండవు. హైఫన్‌తో మొదలయ్యే పేరున్న ఫైలు ఒక్కటున్నా కమాండ్ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది. * బదులు ./* రాయండి, గొడవ వదిలిపోతుంది.

అపోహ: మ్యాచ్ అయ్యే ఫైళ్లు లేకపోతే లూప్ తిరగదు.

వాస్తవం: బాష్ (bash) అనే షెల్‌లో ఒకసారి తిరుగుతుంది, *.లాగ్ అనే పేరునే పట్టుకుని. నల్‌గ్లాబ్ (nullglob) అనే సెట్టింగ్ ఆన్ చేస్తే తిరగదు. జెడ్‌షెల్ (zsh, ఇంకో షెల్) అయితే ముందే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, నాకదే నచ్చుతుంది.

అపోహ: ? అంటే ఒక అక్షరం.

వాస్తవం: ఇంగ్లిష్‌కి ఓకే, మన భాషకి కాదు. "తెలుగు" అనే పేరుకి మూడు ప్రశ్నార్థకాలు పెడితే బాష్ పట్టుకోదు, ఆరు కావాలి, ఎందుకంటే యూనికోడ్‌లో ఎత్వం, కొమ్ములు విడివిడిగా లెక్క. అదే స్క్రిప్టు సి లొకేల్‌లో (ఒక్కో బైట్‌నీ ఒక్కో అక్షరంగా లెక్కపెట్టే భాషా సెట్టింగ్) నడిస్తే ఆ ఆరూ చాలవు, ఒక్కోటి 3 బైట్లు కాబట్టి 18 కావాలి. ఎక్స్‌ట్4 (ext4, లైనక్స్‌లో ఫైళ్లు దాచే ఫైల్ సిస్టమ్)లో పేరుకి లిమిట్ 255 బైట్లు, ఒక్క "క్ష"కే 9 పోతాయి, ఇంక పాట పేరు, పాడినవాళ్ల పేరు అన్నీ తెలుగులో కలిపి సేవ్ చేస్తే పేరు మరీ పొడుగైందని ఎర్రర్ వస్తుంది. అందుకే తెలుగు పేర్ల మీద నేను ? జోలికి పోను, స్టారే.