జెన్నీకి ఆఖరికి దక్కిందేమిటి?

హిస్టారికల్ రొమాన్స్, అంటే పాతకాలంలో నడిచే ప్రేమ నవలలు, చదివేవాళ్ల మధ్య పాత తగువు మళ్లీ రాజుకుంది. డబ్బు కోసమో పరువు కోసమో పెళ్లి చేసుకున్న ఇద్దరు, చివరికి ఒకరి కోసం ఒకరు ప్రాణమిచ్చేంతగా ప్రేమించుకోకపోతే అది రొమాన్స్ ఎలా అవుతుందని. ఈ తగువు ఎటు తిరిగినా ఒకే పుస్తకం దగ్గరికి వస్తుంది: జార్జెట్ హేయర్ 1961లో రాసిన 'ఎ సివిల్ కాంట్రాక్ట్'. రీజెన్సీ నవలలకు, అంటే ఇంగ్లండ్‌లో జబ్బుపడ్డ రాజు బదులు కొడుకు ఏలిన 1811-20 కాలపు కథలకు, దారి వేసింది ఈ ఇంగ్లిష్ రచయిత్రే. నేరుగా కథలోకి పోదాం.

ఆడమ్ డెవెరిల్ నెపోలియన్ మీద యుద్ధం చేస్తున్న కెప్టెన్. తండ్రి పోవడంతో విస్కౌంట్ బిరుదు వచ్చింది, దాంతోపాటు తనఖాల్లో మునిగిన ఎస్టేటూ వచ్చింది. ప్రేమించింది జూలియాని. పెళ్లాడింది లండన్‌లో బాగా డబ్బున్న వ్యాపారి చాలీ కూతురు జెన్నీని. ఆమె బొద్దుగా ఉంటుంది, అందగత్తె కాదు, పైగా జూలియాతో కలిసి చదువుకుంది. ఆడమ్ అంటే ఆమెకు ముందునుంచే ఇష్టం. ఆ సంగతి అతనికి తెలియదు.

ఇక నెపోలియన్‌తో ఆఖరి యుద్ధం, వాటర్లూ ఘట్టం. 1815 జూన్‌లో ఇంగ్లండ్ ఓడిపోయిందన్న పుకారు లండన్‌ను కమ్మేస్తుంది. ప్రభుత్వ బాండ్లు వెంటనే అమ్మెయ్యమని మామగారు టెన్షన్‌తో తొందరపెడతాడు. ఆడమ్ వినడు, అందినంత తెచ్చి ఎదురు కొంటాడు. గెలుపు వార్త వచ్చేసరికి మామగారి ముందు తలెత్తుకునేంత డబ్బు చేతికొస్తుంది. ఇక భార్యను గట్టిగా హత్తుకుని జూలియాని మర్చిపోయానంటాడని పాఠకుడు ఎదురుచూస్తాడు. ఆడమ్ ప్రేమ మాట చెప్పకపోడు. కానీ అది జూలియా మీద ఉన్నలాంటిది కాదని ఇద్దరికీ తెలుసు. బతుకంటే మైమరచిపోయే క్షణాలు కాదు, రోజువారీ మామూలు సంగతులేనని జెన్నీ తనకు తాను సర్దిచెప్పుకుంటుంది.

సర్దిచెప్పుకుంటుంది అన్నానా? గొడవంతా ఆ మాట దగ్గరే. అది సర్దుకుపోవడం అంటుంది ఒక పక్షం. కాదు, తెలుసుకోవడం అంటుంది రెండోది.

మొదటి పక్షం వాదన చిన్నది. రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం చెప్పిన నిర్వచనం ప్రకారం రొమాన్స్‌కి రెండే షరతులు: ప్రేమకథ మధ్యలో ఉండాలి, ముగింపు మనసుకు తృప్తినివ్వాలి. జెన్నీ ముగింపు వాళ్లకు తృప్తినివ్వదు.

రెండో పక్షం చెప్పేదానికి కొంచెం వెనక్కి పోవాలి. 1934లో హేయరే 'ది కన్వీనియెంట్ మ్యారేజ్' రాసింది. అందులో పదిహేడేళ్ల హొరేషియా, ఇష్టంలేని పెళ్లి నుంచి అక్కను తప్పించడానికి ఆ పెళ్లికొడుకు, ఎర్ల్ బిరుదున్న 35 ఏళ్ల ప్రభువు దగ్గరికి వెళ్లి, ఆమె బదులు నన్ను చేసుకోమని తనే అడుగుతుంది. అల్లరి, అపార్థాలు, చివర్లో ప్రేమ. అవసరపు పెళ్లి కథలకు అచ్చు అక్కడ పడింది. 27 ఏళ్లకు అదే చెయ్యి ఆ అచ్చును పగలగొట్టింది. నా లెక్కలో అసలు మలుపు ఇదే.

ఎందుకంటే ఆ కాలపు డబ్బున్న ఇళ్లలో పెళ్లి నిజంగా కాగితాల వ్యవహారమే. ముందు ఇరువైపుల లాయర్లు కూర్చునేవాళ్లు. భార్య చేతిఖర్చుకు ఏటా ఎంత, భర్త పోతే బతకడానికి ఎంత, పిల్లలకెంత, అన్నీ రాసుకున్నాకే చర్చి. అలా విడిగా రాసుకోనిదంతా, ఆమె చేతిలోని డబ్బుతో సహా, భర్త చేతికిందే. పెళ్లయిన ఆడవాళ్ల ఆస్తి మీద 1870, 1882 చట్టాలు వచ్చేదాకా ఇంతే. నచ్చకపోతే విడిపోదామా అంటే, 1857 వరకూ పూర్తి విడాకులకు పార్లమెంటులో ప్రత్యేక చట్టం కావాలి. అలా విడాకులు తెచ్చుకోగలిగిన ఆడవాళ్లు నలుగురే. అంతెందుకు, రీజెన్సీకి పేరిచ్చిన ప్రిన్స్ రీజెంట్ సంగతే చూడండి. 6 లక్షల పౌండ్లు దాటిన అప్పులు తీరతాయని 1795లో రాకుమారి కరోలిన్‌ని చేసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి వేరుపడ్డాడు. 1820లో రాజై కూడా ఆమెను వదిలించుకునే బిల్లు గట్టెక్కించుకోలేకపోయాడు. అలాంటి చోట ఒకే కప్పు కింద గౌరవంగా, స్నేహంగా గడిచిన కాపురం చిన్న సంగతేమీ కాదు. పెళ్లయ్యాక ప్రేమ అదే పుడుతుందన్న మాట పెళ్లిచూపుల నాడే వినే మన ఇళ్ల ఆడవాళ్లకు జెన్నీ త్వరగానే అర్థమవుతుందనుకుంటాను.

మొదటి పక్షం చేతిలో గట్టి సాక్ష్యం లేకపోలేదు. అది నవలలోది కాదు. 1895లో అమెరికా కోటీశ్వరుడి కూతురు కాన్సువేలో వాండర్‌బిల్ట్‌ని ఇంగ్లండ్‌లోని మార్ల్‌బరో డ్యూక్‌కి ఇచ్చి చేశారు. కట్నం 25 లక్షల డాలర్ల రైల్వే షేర్లు. 1906లో విడిగా ఉండటం మొదలుపెట్టారు, 1921లో విడాకులయ్యాయి. బలవంతపు పెళ్లి కాబట్టి చెల్లదని 1926లో రోమ్‌లోని చర్చి కోర్టు తేల్చింది. బలవంతపెట్టింది తానేనని కన్నతల్లే సాక్ష్యం చెప్పింది. అయితే జెన్నీని ఎవరూ గదిలో పెట్టి ఒప్పించలేదు. తెలిసే ఒప్పుకుంది. ఈ రెండు పెళ్లిళ్లనూ ఒకే గాటన కట్టడం వల్లే ఇప్పటి వాదన ఇంత వేడెక్కింది.

ఇంత గొడవలోనూ ఎవరూ ఎత్తని పేరు జూలియాది. ఆడమ్ దక్కలేదని ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. వయసులో తనకన్నా చాలా పెద్దవాడైన మార్క్వెస్ బిరుదున్న రాక్‌హిల్‌ని చేసుకుంది. అదీ అవసరపు పెళ్లే. ఆమెకు దక్కిందేమిటని అడిగినవాళ్లు నాకింతవరకూ కనపడలేదు.