ట్యాన్ ప్రమేయం: సైన్ అలవాటుతో పోయే మార్కులు

జూనియర్ కాలేజీలో ఫస్టియర్ పిల్లలకు త్రికోణమితి చెబుతాను. ట్యాన్ లెక్కల్లో పిల్లలు మార్కులు పోగొట్టుకునేది రాక కాదు, సైన్ దగ్గర పడిన అలవాటు ఇక్కడా వాడేయడం వల్ల.

అపోహ: ఆవర్తనం (ఎంత దూరం తర్వాత విలువలు మళ్లీ అవే వస్తాయో ఆ కనిష్ఠ దూరం) కోసం 2πని θ గుణకంతో భాగించాలి.
వాస్తవం: ఇక్కడ భాగించాల్సింది πని. కోణానికి π కలిపితే సైన్ గుర్తు మారుతుంది, కాస్ గుర్తూ మారుతుంది. ట్యాన్ అంటే సైన్‌ని కాస్‌తో భాగించడమే కదా, భాగించగానే రెండు మైనస్‌లూ కొట్టుకుపోయి పాత విలువే వస్తుంది. కాబట్టి ట్యాన్ 5θ ఆవర్తనం π/5. ట్యాన్ (−3θ)కి π/3, మైనస్ రాయకూడదు. ట్యాన్ (θ + 4θ + 9θ + 16θ) కనబడగానే కొందరికి టెన్షన్. ముందు కూడండి: 30θ. జవాబు π/30, అంతే.

అపోహ: ట్యాన్ ముందు 3 ఉంటే వ్యాప్తి (ప్రమేయానికి వచ్చే విలువలన్నీ) −3 నుంచి 3 వరకు.
వాస్తవం: అది సైన్ సంగతి. ట్యాన్‌కు గరిష్ఠమూ లేదు, కనిష్ఠమూ లేదు. 3తో గుణించినా, చివర 1 కలిపినా వ్యాప్తి వాస్తవ సంఖ్యలన్నీ.

అపోహ: ట్యాన్ 90° అంటే అనంతం.
వాస్తవం: 89.9° దగ్గర విలువ సుమారు 573, 90.1° దగ్గర సుమారు −573. 90° దగ్గర అసలు విలువే లేదు. "నిర్వచితం కాదు" అని రాయండి.

అపోహ: ప్రదేశంలోంచి (θకి ఇవ్వదగిన విలువల్లోంచి) π/2 బేసి గుణిజాలు తీసేస్తే చాలు.
వాస్తవం: ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. π/2 బేసి గుణిజం కాకూడనిది θ కాదు, బ్రాకెట్‌లోని మొత్తం కోణం. 3 ట్యాన్ (2θ − π/3) + 1 తీసుకోండి. 2θ − π/3 = π/2 అనుకుంటే 2θ = 5π/6, θ = 5π/12. అక్కడి నుంచి అటూ ఇటూ π/2 చొప్పున వచ్చే బిందువులన్నీ తీసేయాలి. చాలామంది π చొప్పున వెళ్లి సగం బిందువులు వదిలేస్తారు. −π/12 ప్రతిక్షేపించండి, లోపల సరిగ్గా −π/2 వస్తుంది. తీసేసే బిందువుల మధ్య దూరం ఆవర్తనంతో సమానం కావాలి. జవాబు సరిచూసుకోవడానికి నేను క్లాసులో రోజూ చెప్పేది ఇదే.

అపోహ: మాడ్యులస్ (విలువకు మైనస్ ఉంటే తీసేసేది) పెడితే ఆవర్తనం సగమవుతుంది.
వాస్తవం: సైన్‌కు అవుతుంది, ట్యాన్‌కు కాదు. π/4 దగ్గర 1, దానికి π/2 కలిపినా 1 రావడం చూసి పిల్లలు మోసపోతారు. 0 దగ్గర చూడండి: విలువ 0. π/2 దగ్గర విలువే లేదు. కాబట్టి ఆవర్తనం π గానే ఉంటుంది. మారేది వ్యాప్తి మాత్రమే: 0, ధన వాస్తవ సంఖ్యలు.